ముక్కాలికి తల వెతుక్కుంటూ గోదావరి జిల్లాకు

మా నరసరావుపేటలో నన్ను 'శవాల ఫోటో ఆయన' అంటారు. తిట్టు కాదు, ఉన్నమాటే. బతికున్న మనిషి ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు గట్టి నమ్మకం. అంచేత ఎవరైనా పోయినప్పుడే నాకు కబురొస్తుంది. పోయినాయనకు స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో పట్టుకుంటే నేను తీస్తాను. కదలరు కాబట్టి ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి.

మా ఆవిడకు దీని మీద రోత పుట్టింది. "ఊళ్ళో ఏడుపు వినపడితే మనింట్లో పొయ్యి వెలుగుతోంది. ఇదేం బతుకండీ?" అంది ఒకరోజు. వాళ్ళన్నయ్యకు గుంటూరులో మిరపకాయల కొట్టుంది. అక్కడ నన్ను కూర్చోబెట్టాలని ఆవిడ చాలాకాలంగా చూస్తోంది. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పిఠాపురంలో ఆవిడ మొక్కు తీర్చుకోవాలి, కనుక ఇద్దరం గోదావరి జిల్లాకు పోతాం. ఆ దారిలో బతికున్న ప్రాణిని ఒక్కదాన్ని, చూసినవాళ్ళకు ఫోటో అంటే భయం పోయేంత బాగా, నేను ఫోటో తీసి తేవాలి. తెస్తే సరి, తేకపోతే ఫోటో పెట్టె అమ్మేసి మిరపకాయలు తూచాలి.

గోదావరి జిల్లాలో సముద్రం దగ్గర గూడబాతులు వేలకొద్దీ గూళ్ళు పెడతాయని రైల్లో పనిచేసే ఒకాయన చెప్పగా విన్నాను. మూతి కింద పెద్ద సంచి వేలాడుతుందే, ఆ పక్షి. నా మనసు దాని మీద పడింది.

చిక్కల్లా ముక్కాలి తలతో వచ్చింది. ఫోటో పెట్టెను మోసే మూడుకాళ్ళ కొయ్యకు పైన ఒక తల ఉంటుంది. పెట్టె కూర్చునేది దాని మీదే. నా పాత తల ఉత్త చెక్కపలక. శవాలకు అది చాలు. పైకి కొమ్మల్లోకి చూడాలంటే పెట్టె వంగాలి కదా! మద్రాసులో నాకు తెలిసిన షావుకారు రెండు కొత్త తలలు పంపి, "ఏది కుదిరితే అది ఉంచుకో, రెండోది తిప్పి పంపు" అన్నాడు. ఒకటి ఇత్తడిది. గిన్నెలో గుండులా ఉండి, ఒక్క మర వదులు చేస్తే ఎటంటే అటు తిరుగుతుంది. రెండోది టేకుచెక్కది, రెండు పలకలను మడతబందుతో కలిపారు. అది పైకీ కిందికీ తప్ప పక్కకు వంగదు. నేను చూడగానే గుండు తల మీద మోజు పడ్డాను. మా ఆవిడ మూతి విరిచి, "మెరిసేదంతా మీకు ముద్దే" అంది.

కొవ్వూరు నుంచి అవతలికి

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్నారు. నదిలో స్తంభాలు లేచి నిలబడ్డాయి గానీ పైన దారి లేదు. రైలు కొవ్వూరులో మనల్ని దింపేస్తుంది, అక్కణ్ణించి పడవే గతి.

పడవలో పక్కన కూర్చున్న ముసలాయన పలకరించాడు. "ఏ ఊరండి మీది?"

"పల్నాడు వైపండి."

"అక్కడ నీళ్ళుంటాయాండీ?"

"బావి అడుగున ఉంటాయి, దేవుడు దయతలిస్తే."

ఆయన అయ్యో అనుకుని, దోసిలితో నది నీళ్ళు తీసి మా ఆవిడ చెంబులో పోశాడు, మేం దాహంతోనే ఇంతదూరం వచ్చామన్నట్టు. మా ఊళ్ళో కడవ నీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. ఇక్కడ రాజమహేంద్రవరం రేవులో ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడి తీరిగ్గా కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటున్నారు. వాళ్ళను చూసి మా ఆవిడకు కళ్ళు కుట్టాయి.

తెల్లారగానే కోటిలింగాల రేవు మెట్ల మీద ముక్కాలి నిలబెట్టి, గుండు తల బిగించి, నదినీ స్తంభాలనూ తీశాను. ఎంత హాయిగా తిరిగిందో! మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నా కాళ్ళు సర్దే పని లేకుండా మర వదిలి పెట్టెను తిప్పుకోవడమే. సత్రంలో కిటికీ లేని సామాన్ల గదిలో ఎర్రదీపం పెట్టి, ఫోటో పడ్డ గాజు పలకను మందునీళ్ళలో కడిగితే బొమ్మ తేలింది. నది ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. గుండు అన్నివైపులా తిరుగుతుంది కనుక, పైకెత్తేటప్పుడు నాకు తెలియకుండా పక్కకూ వాలింది.

మా ఆవిడ పలకను వెలుతురుకు పెట్టి చూసింది. "గోదారి పల్లానికి పోతుందని తెలుసు గానీ, మరీ ఇంత పల్లానికా అండీ?"

"చెయ్యి అలవాటు పడాలి" అన్నాను.

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మీ పీటకీ మూడే కాళ్ళు" అంది.

కాలువ మీద

సామర్లకోట దాకా రైలుంది. అయినా గట్ల మీద పక్షులు కనిపిస్తాయని కాలువ పడవెక్కాను. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి పడవను లాగుతారు. అది ఎంత నిదానమంటే, మా ఆవిడ దిగి గట్టునున్న ముసలమ్మ దగ్గర కాణీకి తేగల కట్ట బేరమాడి కొని, మళ్ళీ నడిచొచ్చి ఎక్కింది. తేగ అంటే తాటి టెంక మొలక. కాల్చి, చీల్చి, నమిలితే పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది గానీ ఆ కమ్మదనం వేరు. మేం తాటిచెట్టును కల్లుకు తప్ప వాడం, ఎంత నష్టపోయామో అనిపించింది.

నీళ్ళకు తలుపులు కట్టిన ఒక లాకు దగ్గర పడవ ఆగింది. గట్టు మీద కొబ్బరితోట ముచ్చటగా ఉంటే దిగి, ముక్కాలి పెట్టి గుండు తల బిగించాను. పెట్టె ఇంకా ఎక్కించలేదు. తోటలో కాయలు దింపుతున్న పాలేరు నన్ను చూసి పరుగెత్తాడు. కాసేపటికి ఆ తోట ఆసామి సీతారామమ్మ గారు వచ్చారు. పెద్దావిడ, నెత్తిన ముసుగు, వెనకాల అరిటిగెల మోస్తూ ఇద్దరు.

"దయచెయ్యండి బాబుగారూ. ఎండన పడి వచ్చారు, భోంచేసి మాట్లాడుకుందాం" అన్నారు. నోరు తెరవబోతే తెరవనిస్తేగా! అరిటాకుల్లో కంద బచ్చలి కూర, పనసపొట్టు కూర, గడ్డపెరుగు వడ్డించారు. కూరల్లో కారం బదులు ఆవ నూరి పెడతారు వీళ్ళు. అది నాలిక వదిలి ముక్కుకెక్కుతుంది. పల్నాటి కారం తిన్న వీరుణ్ణి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

చెయ్యి కడుక్కున్నాక ఆవిడ అసలు సంగతి విప్పారు. "తమరు కాలువ ఎటైనా తియ్యండి, మా తోటలోంచి మాత్రం వద్దండి. ఈ చెట్లు మా మావగారు వేసినవి."

అప్పుడు నాకు అర్థమైంది. కాలువల సర్వే ఉద్యోగి అనుకుని మేపారు నన్ను! "నేను సర్వే ఆయన్ని కాదండి, ఫోటోలు తీసేవాణ్ణి" అన్నాను బిక్కచచ్చి.

ఆవిడ ఒక్క క్షణం చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. "అన్నం తిన్నాక చెబుతారా! గడుసువారే! ఆ ఇత్తడి గుండు మెరిసేసరికి మా వాడు హడలిపోయాడండి. నిరుడు పక్క ఊరి పొలాలు కొలిచిన దొర ముక్కాలి మీదా అచ్చం అలాంటిదే ఉంది."

తిన్న రుణం తీర్చుకుందామని, ఫోటో తీస్తాను కూర్చోండి అన్నాను. ఆవిడ రెండడుగులు వెనక్కేశారు. "అమ్మో! ఆయుష్షు తగ్గిపోదూ!"

గోదావరి దాటొచ్చినా ఆ భయం నన్ను వదల్లేదన్నమాట. మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపులో గుంటూరు మిరప ఘాటు నాకు తెలిసింది.

పిఠాపురం, ఉప్పాడ

పిఠాపురంలో కుక్కుటేశ్వరుణ్ణీ పురుహూతికా అమ్మవారినీ చూశాం. మా ఆవిడ మొక్కు తీరింది. పాదగయ గుంట దగ్గర జనం పితృదేవతలకు పిండాలు పెడుతున్నారు. ఆ పిండాలు పెట్టించే బ్రహ్మగారు నా పెట్టె సంగతి విని, "పోయినవాళ్ళను తీస్తావా నాయనా? అయితే మనిద్దరిదీ ఒకే వృత్తి" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఇంతదూరం వచ్చాను, ఒక్క పక్షి కూడా పలకకు చిక్కలేదు. కాలువ గట్టున ఎగిరే కొంగలను తీయబోతే తెల్లటి మసక తప్ప ఏమీ రాలేదు.

ఉప్పాడలో సముద్రం ఊరిని కొరుక్కు తింటోంది. నిన్నటి వాకిలి ఇవాళ నీళ్ళలో ఉంటుందట. అయినా ఆ నీళ్ళకు కూతవేటు దూరంలోనే మగ్గాల చప్పుడు. సాలెవారి ఇంట్లో మగ్గం మీద ఒక చీర చూసి మా ఆవిడ అక్కడే చతికిలబడింది. నెమలి పువ్వులు రెండువైపులా ఒకేలా ఉన్నాయి, ఏది లోపలో ఏది బయటో తెలియదు. ధర అడిగింది, విని లేచి నిలబడింది.

ఒడ్డున వలలు లాగడం తీద్దామని గుండు తల బిగించాను. గాలి విసిరిన ఇసక గుండుకూ గిన్నెకూ మధ్య దూరింది. ఇక మర తిప్పితే కరకరమని చప్పుడే గానీ బిగుసుకోదు. గాలి తోస్తే పెట్టె మూతి వంచి సముద్రానికి దణ్ణం పెట్టింది. పట్టుకోబోయి నేనూ మోకాళ్ళ మీద పడ్డాను. వల లాగుతున్న వాళ్ళందరూ పని మానేసి మరీ నవ్వారు.

నవ్వుతూనే వచ్చి నన్ను లేపిన మనిషి పోలమ్మ, ఎండుచేపలు గంపకెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే ఆవిడ. "ఏంటి బాబూ, ఏం పట్టుకుందామని ఈ పాట్లు?" అంది.

గూడబాతుల సంగతి చెప్పాను.

"ఓస్, అవా! మా చేపలన్నీ మింగేది అవేగా. రేపు నేనెళ్ళే ఊళ్ళోనే ఉన్నాయి, రండి. ఇంతకీ అన్నం తిన్నారా?"

మొక్కు తీరేదాకా నీచు ముట్టకూడదన్న నియమం తీరిపోయింది కాబట్టి ఆ పూట పోలమ్మ ఇంట్లో సందువా చేప పులుసు తిన్నాం. మా ఆవిడ మారడిగింది, మూడోసారి కూడా అడిగింది.

పక్షుల ఊరు

ఆ ఊరి పేరు రాయను. రాస్తే తుపాకీ దొరలకు దారి చూపినట్టవుతుందని మా ఆవిడ ఒట్టు పెట్టించుకుంది.

ఊరి చివర చెరువులో పొట్టిచెట్లు మునిగి నిలబడ్డాయి. ప్రతి కొమ్మకూ గూళ్ళే. గూట్లో పిల్లలు, పైన పెద్దవి, కింద రెట్టతో తెల్లబడ్డ నీళ్ళు. ఆ నీళ్ళు పారిన పొలం బంగారమే పండుతుందట. నాకు ఒళ్ళు పులకరించింది. గబగబా ముక్కాలి దింపి గుండు తల బిగించానో లేదో, ఎండ దాని మీద తళుక్కుమంది. దగ్గర చెట్టు మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. వాటి వెనకే ఊరి పెద్ద గంగరాజు గారు లేచొచ్చారు.

"ఎవరండీ మీరు? కాలువవారా? ఈ చెట్ల జోలికొస్తే ఊరుకోమండి."

పోలమ్మ అడ్డంపడి, కాదని చెప్పి ఆయన్ని చల్లబరిచింది. ఫోటో అంటే ఏమిటో చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. విని, మెత్తగా అన్నారు. "తీసుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కాని మగవారు చెట్ల కిందికి వెళ్ళకూడదండి. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరేదాకా అక్కడ మగాడి కాలు పడకూడదు. మా తాతల నాటి కట్టుబాటు. రెట్టమట్టి ఎత్తుకొచ్చేది, జారిపడ్డ పిల్లల్ని గూట్లో పెట్టేది మా ఆడాళ్ళే. వాళ్ళకలవాటు పడ్డాయి, బెదరవు. నేనే వెళ్ళనండి, మిమ్మల్నెలా పంపను?"

గట్టు మీంచి తీస్తే పక్షి ఆవగింజంత పడుతుంది. దూరాన్ని దగ్గర చేసే కటకాలు సీమలో వచ్చాయంటారు గానీ నా దగ్గర లేవు. గట్టున కూలబడ్డాను. అయిపోయింది, ఇక మిరపకాయలే అనుకున్నాను. పెట్టెలో పలకలు కూడా కొన్నే మిగిలాయి.

మా ఆవిడ కాసేపు చెట్లవైపు చూసి, కొంగు నడుముకు దోపింది. "ఏవండీ, అది ఎలా తీస్తారో చెప్పండి. నేను వెళతాను."

"నీవల్ల ఏమవుతుందే?"

"మీవల్ల ఏమయిందో చూశాం కదా."

గంగరాజు గారి వాకిట్లో పాఠం మొదలైంది. నల్లగుడ్డలో తల దూర్చి చూసి, "అయ్యో, కోడి తలకిందులుగా ఉందేమండీ!" అని కేకేసింది. అలాగే కనిపిస్తుందని చెప్పాను. ఫోటో పడేందుకు రబ్బరు బుడ్డి నొక్కడం, పలక మార్చడం పూట తిరక్కుండానే పట్టేసింది. చేతికి రానిది గుండు తలే. మర వదలగానే పెట్టె బరువంతా ముందుకు పడి ఆవిడ వేలు నలిగింది. రెండు చేతులతో పెట్టెను పట్టుకుంటే మర తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. నేనూ ఇన్నాళ్ళూ ఆ మూడో చెయ్యి లేకే అవస్థ పడ్డాను, ఒప్పుకోలేదు గాని.

"ఇది నాకొద్దు. ఆ చెక్కది తెండి" అంది.

మడతబందు తల బిగించాను. ఒక చేత్తో పెట్టెను పైకెత్తింది, రెండో చేత్తో మర తిప్పింది, పెట్టె నిలిచింది. పక్కకు వాలే పనే లేదు. పైగా మెరవదు. "తలుపు తీసి వేసినట్టుంది, ఇందులో ఏముంది!" అంది. కాళ్ళు సమంగా పెట్టుకోవడం ఒక్కటే ఇందులో శ్రమ. దానికి పోలమ్మ ఉంది.

మర్నాడు పొద్దెక్కాక ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. ముక్కాలి పోలమ్మ భుజాన, పెట్టె మా ఆవిడ నెత్తిన. నేను గట్టు మీద గంగరాజు గారి పక్కన నిలబడ్డాను. పక్షులు బెదురుతాయని అరవకూడదన్నారు. ఆవిడ కటకం మూత తీసిందో లేదో తెలియదు, ఎండ ఎటుందో చూసుకుందో లేదో తెలియదు, చెబుదామంటే నోరెత్తకూడదు! జీవితంలో అంత నరకం నేనెరగను. గంగరాజు గారు నా చెయ్యి పట్టుకుని, "కూర్చోండి, కూర్చోండి, పురిటి గది బయట మగాడిలా తిరక్కండి" అన్నారు గుసగుసగా.

ఆవిడ తొందరపడలేదు. నల్లగుడ్డలో తల పెట్టింది, తీసింది, పెట్టెను కొంచెం పైకెత్తింది. తర్వాత బుడ్డి చేతిలో పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. ఎంతసేపని! నేనైతే పలకలన్నీ ఈపాటికి ఖర్చు చేసేసేవాణ్ణి. ఒక తల్లిపక్షి చెరువు మీంచి వచ్చి గూట్లో వాలింది. అప్పుడు ఆవిడ చెయ్యి బిగిసింది.

గంగరాజు గారి ధాన్యపు కొట్టు చీకటిగా ఉంటే అక్కడే ఎర్రదీపం పెట్టి కడిగాం. మందునీళ్ళలో ముందు కొమ్మ తేలింది, తర్వాత రెక్క, ఆ తర్వాత తల్లి మూతి. ఆ సంచిలోకి పిల్ల మెడదాకా దూరి చేప తింటోంది. ఒక్క ఈక కూడా మసకబారలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమెంతో, అసూయా అంతే.

"బాగా వచ్చిందా?" అంది భయంభయంగా.

"నా చేత్తో ఇలాంటిది ఒక్కటి రాలేదే" అన్నాను. పలకను ఆవిడ చేతికిచ్చాను. "కాని మాట మాటే. తెస్తానన్నది నేను, తీసింది నువ్వు. ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను. ఇంటికెళ్ళగానే పెట్టె అమ్మేద్దాం."

ఆవిడ తడి పలకను రెండు చేతులతో పట్టుకుని నావైపు తిరిగింది. "ఎవరి పెట్టె అమ్ముతారండీ? మీక్కావాలంటే అన్నయ్య కొట్లో కూర్చోండి. పెట్టె ఇవ్వను."

ఇంటికొచ్చాక

గుండు తలను మద్రాసుకు తిప్పి పంపేశాను. టేకు తల మా ముక్కాలి మీదే ఉంది. గూడబాతుల ఫోటో అచ్చుతీసి మా అరుగు మీద గోడకు తగిలించి, ఫోటో తీయించుకునేవాళ్ళకు పక్కనే కుర్చీ వేసి ఉంచాం. రోజుల తరబడి జనం వచ్చి చూశారు, ఆహా అన్నారు, పోయారు. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఒక మధ్యాహ్నం మా వీధి చివర కంసాలివారి పెద్దమ్మ, పళ్ళన్నీ ఊడిన మనిషి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడ భర్తను కుర్చీలో కూర్చోబెట్టి తీసింది నేనే. బొమ్మను దగ్గరగా చూసి, నన్ను కాదని మా ఆవిణ్ణి అడిగింది.

"ఇది నువ్వు తీశావంట గదా. తీశాక ఆ పక్షి బతికే ఉందా అమ్మాయ్?"

"బతక్కేం పెద్దమ్మా! నేను పెట్టె సర్దుకునే లోపలే మళ్ళీ చెరువుకెళ్ళి ఇంకో చేప పట్టుకొచ్చింది."

ముసలమ్మ ఇంకోసారి బొమ్మను చూసింది. కర్ర గోడకు ఆనించి, వెళ్ళి కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుంది.

"మా ఆయన ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నాడు, నాకు నచ్చలా. నన్ను ఇప్పుడే తియ్యమ్మా, కళ్ళు తెరిచి చూస్తుండగా" అంది.